మంచి ముక్కలు చేతిలో ఉన్నా ఎప్పుడు ఫోల్డ్ చేయాలి? టెక్సస్ హోల్డెమ్ పోకర్‌కు సమగ్ర మార్గదర్శి

పోకర్‌లో పనికిరాని ముక్కలు వదిలేయడం, అంటే ఫోల్డ్ చేయడం, ఎవరికైనా చేతనవుతుంది. చేతిలో రెండు ఆసులు ఉన్నప్పుడు, ఎదుటి ఆటగాడు తన చిప్స్ మొత్తం ముందుకు తోస్తే, ఆ ఆసులను బోర్లా పెట్టి డీలర్ వైపు జరపడం మాత్రం చాలామందికి ప్రాణం మీదికి వస్తుంది. ఓపికగా కూర్చుంటే ఎప్పటికో వచ్చిన ముక్కలు, ఇప్పుడెలా వదలడం అనిపిస్తుంది. అదే ఆటగాళ్లు ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాక రెండో కొసకు పోతారు. పెద్ద బెట్ కనిపిస్తే చాలు, భయపడి మంచి ముక్కలన్నీ పడేస్తారు. రెండూ నష్టమే, ఎందుకంటే రెండింటిలోనూ లెక్క లేదు. బలమైన హ్యాండ్‌ను వదలాలా, నిలవాలా అన్నది ధైర్యానికి పరీక్ష కాదు. మీరు గెలిచే అవకాశం ఎంత, మీరు కట్టాల్సిన ధర ఎంత అన్న రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసే పని. ఆ పని బల్ల దగ్గర ఎలా చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. హోల్డెమ్ నియమాలు, ఏ హ్యాండ్ దేనికన్నా పెద్దదో తెలిసి ఉంటే చాలు.

మన ఇళ్లలో రమ్మీ ఆడి పెరిగినవారికి డ్రాప్ కొత్త కాదు. 101 పాయింట్ల పూల్ ఆటలో ముక్క ఎత్తకముందే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి మునిగితే 80 దాకా పడతాయి. అక్కడ వదిలేయడానికి ధర ముందే రాసి ఉంటుంది. పోకర్‌లో అలా కాదు. నిలవడానికి ఎంత కట్టాలో ప్రతి బెట్‌తోనూ మారుతుంది, ఆ మొత్తాన్ని నిర్ణయించేది ఎదుటి ఆటగాడు. రమ్మీలో మంచి డ్రాప్ ఆటగాళ్లుగా పేరు తెచ్చుకున్నవారు కూడా పోకర్‌లో తడబడేది అందుకే.

చట్టం గురించి ముందే ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నిషేధించింది. ఇక్కడున్నవారు ఉత్త చిప్స్‌తో ఆడుకోండి, కింది లెక్కలన్నీ వాటికీ అంతే వర్తిస్తాయి. డబ్బు ఆట చట్టబద్ధమైన దేశాల్లో ఉన్నవారు పోయినా ఇంటి ఖర్చుకు ఇబ్బంది రాని మొత్తంతోనే కూర్చోండి. అద్దె డబ్బుతో కూర్చున్నవారు ఏ లెక్కనూ నిదానంగా వేయలేరు.

మొదట బోర్డు చూడండి, మీ ముక్కలు తర్వాత

ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడగానే మీ రెండు ముక్కలను కాసేపు మరిచిపోండి. బల్ల మీది మూడు ముక్కలతో సాధ్యమయ్యే అతి పెద్ద హ్యాండ్ ఏది? దాని తర్వాతది ఏది? ఆ వరుసలో మీది ఎన్నో స్థానం? నాలుగో ముక్క టర్న్ పడ్డాక, ఐదోది రివర్ పడ్డాక మళ్లీ ఇదే ప్రశ్న.

రెండు ఆసులే తీసుకోండి. కళావరు రాజు, డైమను 7, ఆఠీను 2 పడితే మిమ్మల్ని ఓడించేవి దాదాపుగా మూడు సెట్లే (చేతిలోని జతకు బోర్డు మీది అదే ముక్క కలిసి మూడు కావడం). రాజు 7, రాజు 2, 7-2 లాంటి ముక్కలతో రైజ్‌కు (పెంచిన బెట్‌కు) కాల్ చేసేవారు, అంటే అంతే కట్టి నిలిచేవారు, తక్కువ. అవే ఆసులతో ఉండగా ఇస్పేటు 10, ఇస్పేటు 9, ఆఠీను 8 పడ్డాయనుకోండి. రాణి-జాకీ, జాకీ-7, 7-6 ఇప్పటికే స్ట్రెయిట్లు. సెట్లు ఉన్నాయి, రెండు జతలు ఉన్నాయి, ఇస్పేటు ఫ్లష్ కోసం ఎదురుచూసేవారు ఉన్నారు. రెండుసార్లూ మీ చేతిలో ఉన్నవి ఒకే ముక్కలు, వాటి విలువ మాత్రం ఒకటి కాదు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. మీరు స్ట్రెయిట్ కింది కొస పట్టుకుని ఉండటం, బోర్డు మీద ఒకే గుర్తు ముక్కలు నాలుగు పడటం, బోర్డులో జత పడ్డాక మీ దగ్గర ఫ్లష్ మాత్రమే ఉండటం. చిన్న ఫుల్ హౌస్ వీటన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. బోర్డు మీద రాజు, రాజు, 5, 9, 2 ఉండి మీ చేతిలో రెండు 5లు ఉంటే అది ఫుల్ హౌసే. కానీ రాజుతో పాటు 9, 5, 2లలో ఏది ఉన్నవాడైనా, రెండు 9లు ఉన్నవాడైనా మిమ్మల్ని ఓడిస్తాడు. ఫుల్ హౌస్ అన్న పేరు విని చిప్స్ అన్నీ పెట్టేసే ముందు ఆ జాబితా ఒకసారి మనసులో చదువుకోండి.

ధర లెక్కకట్టండి

కాల్ చేయడానికి మీరు పెట్టాల్సిన మొత్తాన్ని, కాల్ చేశాక పాట్‌లో (బల్ల మధ్య పోగైన చిప్స్‌లో) ఉండబోయే మొత్తంతో భాగించండి. వచ్చేదే మీకు కావలసిన కనీస గెలుపు శాతం. పాట్‌లో 100 ఉండగా ఎదుటి ఆటగాడు 50 వేస్తే మీరు పెట్టేది 50, పెట్టాక పాట్ 200, కాబట్టి 25% చాలు. అతను 100 వేస్తే 33%, పాట్‌కు రెట్టింపు 200 వేస్తే 40% కావాలి. ఈ మూడు అంకెలు కంఠతా ఉంటే చాలు, మధ్యలో ఉన్నవి అంచనాకు వస్తాయి.

దీనిలో చాలామంది గమనించని విషయం ఉంది. సగం పాట్ బెట్‌కు నాలుగింట ఒకసారి గెలిచినా మీకు నష్టం లేదు. అంటే "బహుశా ఓడిపోయి ఉంటాను" అన్న అనుమానం ఒక్కటే ఫోల్డ్‌కు కారణం కాదు. నాలుగింట మూడుసార్లు ఓడిపోతున్నా కాల్ సరైనదే కావచ్చు. వదలాలంటే, ఓడిపోయానన్న అంచనా ఆ ధరను మించి బలంగా ఉండాలి.

ఇంతవరకు మీరు పాట్‌లో పెట్టినవి ఇక మీవి కావు. "ఇప్పటికే ఇంత పెట్టాను" అన్న ఆలోచనకు ఈ లెక్కలో చోటు లేదు. ఫ్లాప్ మీదో టర్న్ మీదో కాల్ చేసేటప్పుడు మాత్రం ముందు రాబోయే బెట్‌ను కూడా తలచుకోవాలి. టర్న్ మీద 40 కట్టి, రివర్ మీద 150 రాగానే వదిలేసే ఉద్దేశమే ఉంటే ఆ 40 ఎందుకు కడుతున్నారో ముందే ప్రశ్నించుకోండి.

ఎదుటి ఆటగాడు మొదటి నుంచి ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి

చివరి బెట్ ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. ఫ్లాప్‌కు ముందు అతను రైజ్ చేశాడా, కాల్ చేశాడా? ఏ స్థానం నుంచి? ఫ్లాప్ మీద ఎంత తొందరగా కాల్ చేశాడు? ఏ ముక్క పడ్డాక తీరు మారింది? ఈ ప్రశ్నల్లో ఒక్కోటి అతని చేతిలో ఉండగల ముక్కల జాబితాను కాస్త కుదిస్తుంది. ఉదాహరణకు ఫ్లాప్‌కు ముందు కాల్ మాత్రమే చేసిన ఆటగాడి దగ్గర రెండు ఆసులో, రెండు రాజులో ఉండటం అరుదు, వాటితో ఎక్కువమంది మళ్లీ రైజ్ చేస్తారు. రెండుసార్లు మౌనంగా కాల్ చేసి, టర్న్ మీద ఉన్నట్టుండి పెద్ద రైజ్ చేశాడంటే ఆ జాబితా చాలా చిన్నదైపోయి ఉంటుంది.

లెక్కపెట్టండి: ఒక ఆట దగ్గరగా

ఈ భాగాన్ని కాగితం, కలం పక్కన పెట్టుకుని చదవండి. అంతా ఇక్కడే ఉంది.

బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిప్స్) 1, 2. మీ చేతిలో ఆఠీను ఆసు, కళావరు ఆసు. మీరు 8కి రైజ్ చేశారు. బిగ్ బ్లైండ్‌లోని ఆటగాడు కాల్ చేశాడు, మిగతావారు తప్పుకున్నారు. పాట్ 17. ఆట మొదట్లో అతని దగ్గర 120 చిప్స్ ఉన్నాయి, మీ దగ్గర అంతకన్నా ఎక్కువే. ఫ్లాప్ మీద డైమను జాకీ, కళావరు 8, ఇస్పేటు 5. అతను చెక్ చేశాడు (బెట్ వేయకుండా వదిలాడు), మీరు 10 వేశారు, అతను కాల్ చేశాడు. పాట్ 37. టర్న్ మీద ఆఠీను 2. అతను మళ్లీ చెక్, మీరు 25. అప్పుడు అతను మిగిలిన 102 చిప్స్ మొత్తం ముందుకు తోశాడు.

ముందు ధర చూద్దాం. మీరు ఇంకా 77 కట్టాలి. పాట్‌లో 37, మీ 25, అతని 102 కలిపి 164 ఉన్నాయి. మీరు కట్టాక 241. 77ను 241తో భాగిస్తే సుమారు 32%. మూడింట ఒకసారి కన్నా కొద్దిగా తక్కువ గెలిచినా చాలు.

ఇప్పుడు అతని ముక్కలు. రెండు జాకీలుంటే ఫ్లాప్‌కు ముందే రైజ్ చేసేవాడని అనుకుందాం. మిమ్మల్ని ఓడిస్తున్నవి ఇవి: బోర్డు మీద ఒక 8 పోగా మిగిలిన మూడింటిలో రెండు 8లు 3 విధాలుగా రావచ్చు. రెండు 5లు 3 విధాలు. రెండు 2లు 3 విధాలు. ఒకే గుర్తున్న జాకీ-8 ఇస్పేటులో ఒకటి, ఆఠీనులో ఒకటి, మొత్తం 2 విధాలు. అన్నీ కలిపితే 11.

సెట్ మీద మీరు గెలవాలంటే రివర్‌లో ఆసు పడాలి. మీ రెండు, అతని రెండు, బోర్డు మీది నాలుగు పోగా మిగిలిన 44 ముక్కల్లో అవి రెండే, అంటే 4.5%. జాకీ-8 మీద కాస్త మెరుగు. ఆసు పడినా గెలుస్తారు, 5 గానీ 2 గానీ పడి బోర్డులో జత ఏర్పడినా మీ ఆసుల రెండు జతలే పెద్దవవుతాయి. 8 ముక్కలు, 18%. ఈ 11 విధాలనూ కలిపి సగటు తీస్తే మీ గెలుపు 7% చుట్టూ ఉంటుంది. కావలసింది 32. ఈ ఆటగాడు ఇవే ముక్కలతో రైజ్ చేసేవాడైతే ఆసులను బోర్లా పెట్టేయండి, రెండో ఆలోచన అక్కర్లేదు.

కానీ అతను చురుకైన ఆటగాడు అనుకోండి. ఒకే గుర్తున్న 10-9తో, 7-6తో కూడా ఇలాగే తోయగలడు. ఆ రెండూ స్ట్రెయిట్ కోసం చూసేవి, ఒక్కోటి 4 విధాలు, మొత్తం 8. వాటి మీద మీరు 82% గెలుస్తారు. ఇప్పుడు మొత్తం 19 విధాలు, మీ సగటు గెలుపు 38% దాటుతుంది. కాల్ చేయాలి. బోర్డు అదే, బెట్ అదే, మీ ముక్కలూ అవే. మారింది అతని జాబితాలో 8 విధాల ముక్కలు మాత్రమే.

హద్దు ఎక్కడుందో కూడా చూడవచ్చు. ఆ 11కు తోడు ఇలాంటి స్ట్రెయిట్ వేటగాళ్లు 6 విధాలు చేరితే కాల్ గిట్టుబాటు అవుతుంది, 5 అయితే కాదు. ఆసు-జాకీ పట్టుకుని అదే పెద్దదనుకునే ఆటగాడైతే ఇంకా సులువు. ఆసు-జాకీ 6 విధాలు, వాటి మీద మీరు 95% గెలుస్తారు. కాబట్టి బల్ల దగ్గర మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇలా ఉంటుంది: "నాకన్నా తక్కువ ముక్కలతో ఈ మనిషి ఇదే వరుసలో ఇలా ఆడతాడా? ఆడితే ఏ ముక్కలతో?" ఒక్క హ్యాండ్ కూడా పేరు పెట్టి చెప్పలేకపోతే వదిలేయండి.

బల్ల దగ్గర ఇంత సమయం ఉండదని కొందరంటారు. నిజమే, శాతాలన్నీ అక్కడ కట్టనక్కర్లేదు. "ఓడించేవి 11, ఓడేవి ఎన్ని?" అన్నంతవరకు ఎవరైనా లెక్కించగలరు. ఇంట్లో నాలుగు ఆటలు ఇలా విప్పి చూసుకుంటే బల్ల దగ్గర చేయి దానంతట అదే తిరుగుతుంది.

మనిషిని బట్టి

చిన్న బ్లైండ్ల ఆటల్లో, ముఖ్యంగా స్నేహితుల ఇళ్లలో జరిగే ఆటల్లో, నెమ్మదిగా ఆడే ఆటగాడు టర్న్ మీదో రివర్ మీదో చేసే పెద్ద రైజ్ బ్లఫ్ కావడం చాలా తక్కువ. అక్కడ ఒక జతతో, అది రెండు ఆసులైనా సరే, ఆ రైజ్‌కు ఫోల్డ్ చేయడం నాకు తెలిసిన అత్యంత లాభసాటి అలవాటు. గట్టి ఆటగాళ్ల మీద ఇది పనిచేయదు. పాట్ అంత బెట్ వేసిన ప్రతిసారీ మీరు సగం కన్నా ఎక్కువసార్లు వదిలేస్తుంటే, ఏ రెండు ముక్కలతో బ్లఫ్ చేసినా వారికి లాభమే. వారు దాన్ని ఇట్టే పసిగడతారు. అందుకే వారి ముందు మీ ముక్కల్లో మెరుగైన సగాన్నైనా నిలబెట్టాలి.

లెక్కను అటూ ఇటూ జరిపేవి

బల్ల మీద ఎంతమంది ఉన్నారు? ఏవో రెండు ముక్కలున్న ఒక్క ఆటగాడి మీద రెండు ఆసులు 85% గెలుస్తాయి. నలుగురి మీద అది 56 చుట్టూ ఉంటుంది. నలుగురు చూసిన ఫ్లాప్ మీద ఒకరు బెట్ చేసి, ఇంకొకరు రైజ్ చేస్తే మీ జతను తేలిగ్గా వదలండి.

పాట్‌తో పోలిస్తే ఎన్ని చిప్స్ మిగిలాయి? ఫ్లాప్ మీద పాట్ 60 ఉండి, ఎదుటి ఆటగాడి దగ్గర 100 మాత్రమే మిగిలితే బోర్డు కన్నా పెద్ద జతను వదలడం దాదాపు ఎప్పుడూ తప్పే. అదే పాట్ 20, అతని దగ్గర 400 ఉంటే ఒక్క జతతో ఆ 400 దాకా వెళ్లడం తప్పు.

మీ చేతిలోని ముక్కలు అతని చేతిలో ఉండవు. బోర్డు మీద మూడు ఇస్పేట్లు పడి, ఇస్పేటు ఆసు మీ దగ్గరే ఉంటే అతి పెద్ద ఫ్లష్ అతనికి రాదు. కాల్‌కు అది ఒక కారణం. అయితే తూకం సరిసమానంగా ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది, స్పష్టమైన ఫోల్డ్‌ను ఇది కాల్‌గా మార్చదు.

ఫ్లాప్‌కు ముందు రెండు రాజులు

దీని మీద జరిగినంత చర్చ ఇంకే హ్యాండ్ మీదా జరగదు. మీకు రెండు రాజులు వచ్చినప్పుడు, తొమ్మిది మంది బల్లలో ఎవరో ఒకరికి రెండు ఆసులు ఉండే అవకాశం 4% లోపే. ఎదుటి ఆటగాడు రెండు ఆసులు, రాజులు, రాణులు, ఆసు-రాజులతో మొత్తం తోస్తాడనుకుంటే అవి 6, 1, 6, 8 విధాలు. వాటి మీద మీ గెలుపు 57% చుట్టూ. రాణులను తీసేసినా 47% ఉంటుంది. ఆసులు, రాజులు తప్ప ఇంకేదీ తోయని మనిషి అయితేనే అది 23 చుట్టూ పడిపోతుంది. అలాంటి మనిషిని మీరు నెలల తరబడి చూసి ఉండాలి, ఇద్దరి దగ్గరా చిప్స్ లోతుగా ఉండాలి. ఆ రెండూ లేకుండా రాజులను ఫ్లాప్‌కు ముందు వదలకండి.

ఫలితాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 839 మంది పాల్గొన్నారు. చివరికి టెన్నెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, పేరుమోసిన ఆటగాడు సామీ ఫార్హా మిగిలారు. ఒక ఆటలో బోర్డు మీద ఇస్పేటు 9, డైమను 2, ఇస్పేటు 6, ఇస్పేటు 8, ఆఠీను 3. ఫార్హా దగ్గర ఇస్పేటు రాణి, ఆఠీను 9. ఇద్దరే ఆడుతున్నప్పుడు బోర్డులోని అతి పెద్ద ముక్కతో జత అంటే బలమైన హ్యాండే. మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆఠీను 7. ఫ్లష్ రాలేదు, స్ట్రెయిట్ రాలేదు. అయినా చిప్స్ మొత్తం తోశాడు. ఫార్హా చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. టోర్నమెంట్ మనీమేకర్ గెలిచి 25 లక్షల డాలర్లు అందుకున్నాడు.

ముక్కలన్నీ తెర మీద చూసిన మనకు ఆ ఫోల్డ్ తప్పుగా కనిపిస్తుంది. ఫార్హాకు కనిపించింది మూడు ఇస్పేట్లు, స్ట్రెయిట్‌కు దారి ఇచ్చే 6, 8, 9, ఎదురుగా చిప్స్ మొత్తం తోసిన మనిషి. నా ఉద్దేశంలో ఇక్కడ చర్చించాల్సింది ఒక్కటే, ఫ్లష్ కోసమో స్ట్రెయిట్ కోసమో ఎదురుచూసి తప్పిపోయిన ముక్కలు ఆ బోర్డు మీద ఎన్ని విధాలు ఉంటాయో అతను సరిగ్గా తూచాడా లేదా అన్నది.

ఎంత ఆలోచించినా తప్పించుకోలేని ఓటములూ ఉన్నాయి. 2008 మెయిన్ ఈవెంట్‌లో మొటొయుకి మబుచి నాలుగు ఆసులతో జస్టిన్ ఫిలిప్స్ రాయల్ ఫ్లష్ చేతిలో ఓడిపోయాడు. నాలుగు ఆసులను వదలడం నేర్చుకోవాలని ఎవరూ చెప్పరు. ఓడించేది ఒకే ఒక్క విధంగా రాగల ముక్కలైతే కట్టి ఓడిపోవడమే సరైన ఆట.

టోర్నమెంట్‌లో ఆసులనే వదలాల్సిన చోటు

పెద్ద టోర్నమెంట్‌కు ప్రవేశం గెలుచుకునే శాటిలైట్ పోటీలు కొన్ని ఉంటాయి. 10 మందికి సీట్లు, 11 మంది మిగిలారు. చిప్స్‌లో మీది రెండో స్థానం. ముగ్గురి దగ్గర ఒకటి రెండు బ్లైండ్లకు సరిపడా మాత్రమే ఉన్నాయి. మొదటి స్థానంలో ఉన్న ఆటగాడు మొత్తం తోశాడు, మీ చేతిలో రెండు ఆసులు. అతని దగ్గర ఏవో రెండు ముక్కలున్నాయనుకున్నా, కాల్ చేస్తే 15% సార్లు మీ సీటు పోతుంది. గెలిస్తే వచ్చేది అదే సీటు, రెండో సీటు ఇవ్వరు. ఫోల్డ్ చేసి కూర్చుంటే ఆ ముగ్గురిలో ఒకరు కాసేపట్లో బయటికి పోవడం దాదాపు ఖాయం. ఫ్లాప్‌కు ముందే ఆసులను వదలడం సరైన నిర్ణయమయ్యే చోటు ఇది. మామూలు టోర్నమెంట్లలోనూ బహుమతుల గీతకు ఒక్కరి దూరంలో ఉన్నప్పుడు ఇదే ఒత్తిడి కొంత తక్కువ మోతాదులో పనిచేస్తుంది, ధర లెక్కలో వచ్చిన శాతానికి ఇంకొంత కలుపుకోవాలి.

వదిలేశాక

ఫోల్డ్ చేశాక మీ ముక్కలు బల్లకు చూపించకండి. ఆసులు వదిలానని చూపిస్తే మెచ్చుకోలు వస్తుంది, ఆ మెచ్చుకున్నవారే తర్వాత మీ మీద బ్లఫ్ చేస్తారు. ఎదుటి ఆటగాణ్ని అతని ముక్కలేమిటని అడగడమూ అనవసరం, ఏం చెప్పినా నమ్మడానికి ఆధారం లేదు.

ఆట ముగిశాక ఫోనులో నాలుగు సంగతులు రాసుకోండి: బోర్డు, బెట్ల మొత్తాలు, మీకు కావలసిన శాతం, అప్పుడు మీరు ఊహించిన ముక్కల జాబితా. ఇంటికి వెళ్లాక ఎన్ని విధాలో మళ్లీ లెక్కపెట్టండి. ఆ ఆటగాడు ఇంకో రోజు ఇలాంటి రైజే చేసి ముక్కలు చూపించాల్సి వస్తే, వాటిని అదే పేజీలో కింద చేర్చండి. నాలుగైదు అలా పోగయ్యాక, అతని జాబితాలో 10-9 ఉంటుందా ఉండదా అన్నది మీరు ఊహించాల్సిన పని ఉండదు.